గోళ్లు కొరకడం ఎలా ఆగిందంటే

మాది పర్లాకిమిడి. నలభై దాటినా టెన్షన్ వస్తే చాలు వేలు నోట్లోకి వెళ్లిపోయేది, గుణుపురం రైలెక్కితే దిగేలోపు రెండు గోళ్లు ఖాళీ. వేపనూనె రాశాను, మా ఆవిడ చేత తిట్లు తిన్నాను, లాభం లేదు.

చివరికి బరంపురంలో హిప్నాసిస్ చేసే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. గొలుసు ఊపి నిద్రపుచ్చుతారనుకున్నా, అదేం లేదు, కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు, బయట ఆటోల హారన్లు వినపడుతూనే ఉన్నాయి. 1840లలో హిప్నాటిజం అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన స్కాట్లాండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ కూడా, గ్రీకులో నిద్ర అనే మాట నుంచి ఆ పేరు తీసుకుని, తర్వాత ఇది నిద్ర కాదు, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అని పేరు మార్చబోయాడు (అప్పటికే పాత పేరు అతుక్కుపోయింది).

నా అలవాటులో అసలు చిక్కు, చెయ్యి పైకి లేవడం నాకే తెలియకపోవడం. అందుకని నా మనసు కుదుటపడ్డాక ఆయన ఒకటే మాట పదేపదే చెప్పారు: వేలు పెదవికి తగలగానే నీకు తెలుస్తుంది, పిడికిలి బిగించి వదిలేస్తావు. అదే మాట రోజూ పడుకునే ముందు పది నిమిషాలు నేనే చెప్పుకున్నాను. వారానికి వేలు పెదవి దగ్గరే ఆగడం మొదలైంది. పూర్తిగా మానడానికి రెండు నెలలు పట్టింది, మధ్యలో మా అమ్మాయి పరీక్షల ఫలితాల రోజు మాత్రం బొటనవేలి గోరు పోయింది.