ఎస్‌ఎస్‌ఎన్ దరఖాస్తు: క్యాంపస్ జాబ్ వచ్చాక ఆ రెండు లెటర్ల దగ్గరే చిక్కంతా

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద అమెరికా వచ్చిన మనవాళ్లకి ఎస్‌ఎస్‌ఎన్ (జీతం లెక్కలకి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు) గురించి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెవిన పడే మాట ఒకటుంది: "ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే జాబ్ ఇవ్వరు, జాబ్ లేకపోతే ఎస్‌ఎస్‌ఎన్ ఇవ్వరు." ఇందులో రెండో సగం నిజం, మొదటి సగం తప్పు. ఆ తప్పు సగం మీదే కొందరి వ్యాపారం నడుస్తోంది. "ఆఫర్ లెటర్ మేం ఇప్పిస్తాం, ఇంత పంపండి" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. అప్పు చేసి తెచ్చుకున్న డాలర్లు అలా పోగొట్టుకున్న పిల్లల్నీ, నిజంగా జాబ్ వచ్చి కూడా లెటర్‌లో ఒక తేదీ లేక కౌంటర్ నుంచి వెనక్కి వచ్చిన పిల్లల్నీ చూశాక ఇది రాయాలనిపించింది.

జాబ్ సంగతి ముందు గబగబా చెప్పేస్తాను. మొదటి విద్యా సంవత్సరంలో ఎఫ్-1 విద్యార్థి చేయదగ్గది దాదాపుగా ఆన్ క్యాంపస్ పనే. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్ టైమ్. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. ఒక వారం 14 చేశాను కాబట్టి వచ్చే వారం 26 అంటే కుదరదు. క్యాంపస్ లోపల విద్యార్థుల కోసం నడిచే కెఫెటీరియా, బుక్‌స్టోర్ ప్రైవేటు కంపెనీవైనా ఆన్ క్యాంపస్ కిందికే వస్తాయి. రోడ్డు అవతలి గ్యాస్ స్టేషన్ రాదు, దాని ఓనరు మన ఊరివాడైనా సరే. యూనివర్సిటీ జాబ్ పోర్టల్‌లో వెతికేటప్పుడు "వర్క్ స్టడీ" అని రాసి ఉన్నవి వదిలేయండి. అవి ఫెడరల్ ఆర్థిక సహాయానికి అర్హులైన వాళ్ల కోసం, మనకి రావు. డైనింగ్, లైబ్రరీ, రిక్రియేషన్ సెంటర్, పార్కింగ్, వీటికి అప్లై చేస్తూ పోండి.

ఈ జాబులకి విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. పని చేసే అర్హత ఉందని చూపే ఐ-9 ఫారం నింపేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) చూపిస్తే చాలు. ఎస్‌ఎస్‌ఎన్ చేతికి రాకముందే పని మొదలుపెట్టొచ్చని సోషల్ సెక్యూరిటీ విభాగమే తన సూచనల్లో చెబుతుంది. జీతం లెక్కల కోసం నంబరు కావాలి కాబట్టి దానికి అప్లై చేసి ఉండాలి, అంతే. కొన్ని డిపార్ట్‌మెంట్లు నంబరు వచ్చాకే షిఫ్టు ఇస్తామంటాయి. అది వాళ్ల పద్ధతి. అప్పుడు కూడా ఆఫర్ లెటర్ ఇవ్వడానికి వాళ్లకేమీ అడ్డు లేదు. అడగండి.

ఇక అసలు మెలిక. ఎస్‌ఎస్‌-5 (ఎస్‌ఎస్‌ఎన్ కోసం నింపే ఫారం) దరఖాస్తుతో పాటు పాస్‌పోర్టు, ఐ-20, సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం) వెబ్‌సైట్ నుంచి తీసిన ఐ-94 ప్రింటు అందరి దగ్గరా ఉంటాయి. వెనక్కి పంపేది మిగిలిన రెండు కాగితాల దగ్గరే.

మొదటిది మీకు పని ఇచ్చినవాళ్ల లెటర్. "కంగ్రాచ్యులేషన్స్, మీరు సెలెక్ట్ అయ్యారు" అన్న ఈమెయిల్ ప్రింటు పట్టుకెళితే పనికిరాదు. మీరు చేసే పని ఏమిటి, ఏ తేదీన మొదలు, వారానికి ఎన్ని గంటలు, సూపర్‌వైజర్ పేరు, ఫోన్ నంబరు, ఇవన్నీ అందులో ఉండాలి. కింద సూపర్‌వైజర్ సంతకం, తేదీ. పెన్నుతో పెట్టిన సంతకమే తెచ్చుకోవడం క్షేమం. డైనింగ్ హాల్ మేనేజర్లు రోజంతా హడావుడిలో ఉంటారు, "మెయిల్‌లో పంపాం కదా" అంటారు. చాలా యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసు దగ్గర ఈ లెటర్ నమూనా తయారుగా ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి, లంచ్ రద్దీ లేని వేళ చూసి, మేనేజర్ ముందు పెట్టి సంతకం చేయించుకోండి. మొదలయ్యే తేదీ మీరు అప్లై చేసే రోజు నుంచి 30 రోజుల్లోపు ఉండాలి. స్ప్రింగ్ సెమిస్టర్ జాబ్ లెటర్ పట్టుకుని అక్టోబరులో వెళ్తే తీసుకోరు.

రెండోది డీఎస్‌వో లెటర్, అంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ ఐ-20 మీద సంతకం చేసే అధికారి ఇచ్చేది. మీరెవరు, ఇప్పుడు చదువుతున్నారా, ఎక్కడ ఏ పని చేస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. వాళ్లకి ముందు మొదటి లెటర్ చూపించాలి, తర్వాతే ఇది చేతికొస్తుంది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో మీ రికార్డు యాక్టివ్ కాకముందే పరుగెత్తితే సోషల్ సెక్యూరిటీ వాళ్ల కంప్యూటర్‌లో మీ వివరాలు తేలవు, అప్లికేషన్ అక్కడే నానుతుంది. కాలేజీలో చెక్ ఇన్ అయ్యాక కనీసం 48 గంటలు ఆగమని ఆ విభాగమే చెబుతుంది. నన్నడిగితే ఇంకొన్ని రోజులు ఆగినా నష్టం లేదు.

పేర్ల గొడవ మనవాళ్లకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, లెటర్‌లో మేనేజర్ పొడి అక్షరంతో సరిపెడితే మళ్లీ తిరగాల్సి రావచ్చు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. ఆ సంగతి కౌంటర్‌లో ముందే చెప్పి, కార్డు మీద పేరు ఎలా వస్తుందో అక్కడే అడిగి సరిచూసుకోండి. ఎస్‌ఎస్‌-5లో పుట్టిన తేదీకి నెల ముందు, రోజు తర్వాత. మన అలవాటు ప్రకారం 05/08 అని రాస్తే ఆగస్టులో పుట్టినవాళ్లు మే నెలలోకి వెళ్లిపోతారు.

ఈ మొత్తం ప్రక్రియకి ఫీజు సున్నా. కార్డు ఉచితం, ఫారం ఉచితం, డీఎస్‌వో లెటరూ అంతే. డబ్బు అడిగినవాడు ఎవడైనా సరే మధ్యవర్తే. కొన్న లెటర్‌తో వచ్చే ప్రమాదం డబ్బు పోవడం కాదు. ఎస్‌ఎస్‌-5 మీద సంతకం పెట్టేటప్పుడు, చెప్పినదంతా నిజమని, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని మీరు ఒప్పుకుంటున్నారు. లెటర్ అమ్మినవాడి పేరు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. వేరేవాళ్ల పేరు మీద షిఫ్టులు చేసి క్యాష్ తీసుకోవడమూ ఇలాంటిదే. అనుమతి లేని పని చేసి స్టేటస్ పోతే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మామూలుగా ఉండే రీఇన్‌స్టేట్‌మెంట్ దారి కూడా మూసుకుపోతుంది. 2019లో ఫార్మింగ్‌టన్ కేసులో (వీసా మోసాల్ని పట్టుకోవడానికి అమెరికా అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ అది) విద్యార్థుల్ని చేర్పించిన దళారుల్లో, పట్టుబడిన విద్యార్థుల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ రోజు పేపర్లు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

జాబ్ ఇంకా రాలేదని దిగులుపడేవాళ్లకి ఒక మాట. బ్యాంకు ఖాతా చాలా చోట్ల ఎస్‌ఎస్‌ఎన్ లేకుండానే తెరుస్తారు. డ్రైవింగ్ లైసెన్సుకి కొన్ని రాష్ట్రాల్లో, మీకు నంబరుకి అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే లెటర్ సరిపోతుంది. దాని పేరు ఎస్‌ఎస్‌ఏ-ఎల్676. కాబట్టి నంబరు కోసం జాబ్ కొనుక్కోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి, అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒరిజినల్స్‌తో ఆఫీసుకి వెళ్లండి. జిరాక్సులు తీసుకోరు. అప్లై చేసినట్టు ఇచ్చే కాగితాన్ని మీ హెచ్‌ఆర్‌కి చూపించండి. అంతా సవ్యంగా ఉంటే కార్డు రెండు వారాల్లోపే పోస్టులో వస్తుంది, దాని మీద డీహెచ్‌ఎస్ (ఇమిగ్రేషన్ చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందన్న మాట ఉంటుంది. అది చూసి కంగారు పడకండి, ఎఫ్-1 వాళ్లందరి కార్డూ అంతే.

అడ్రసు మాత్రం ఆలోచించి ఇవ్వండి. సీనియర్ల అపార్ట్‌మెంట్‌లో హాల్లో పడుకుంటూ ఆ అడ్రసే రాసేసి, పది రోజుల్లో వేరే చోటికి మారిపోయేవాళ్లు ఎక్కువ. మెయిల్ బాక్సు లోపల మీ పేరు రాసి అంటించకపోతే పోస్ట్‌మ్యాన్ కవరు తిరిగి పంపేయొచ్చు. స్థిరమైన ఇల్లు ఇంకా దొరక్కపోతే, నెల రోజులు కదలరని నమ్మకమున్న స్నేహితుడి అడ్రసు "కేరాఫ్" అని పెట్టి ఇవ్వండి.