గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్: రజను రాలుతోందా? కడుపు తేడా చేస్తోందా?

"ప్యాకెట్ మొత్తం పారేశామండీ" అని ఫోన్ చేసేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే, వేడి చేశారా అని. అటునుంచి మాట ఉండదు.

సమస్య: ముక్క విరిగిపోతోంది, నోట్లో ఇసుకలా ఉంది

ఈ బ్రెడ్‌ను పట్టి ఉంచడానికి గ్లూటెన్, అంటే గోధుమ లాంటి గింజల్లో ఉండే జిగురు ప్రోటీన్, లేదు. బియ్యప్పిండి, కర్రపెండలం స్టార్చ్ లాంటివాటిని జాంథాన్ గమ్మో, ఇసబ్గోలో వేసి నిలబెడతారు. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి బిరుసెక్కినట్టే ఇదీ బిరుసెక్కుతుంది. కాబట్టి ఫ్రిజ్ వద్దు. కొన్న రోజే ముక్కలు విడదీసి ఫ్రీజర్‌లో పెట్టండి, తీసింది తీసినట్టే టోస్టర్‌లో వేయండి. బన్ను అయితే తడి టిష్యూ చుట్టి మైక్రోవేవ్‌లో 20 సెకన్లు. వెంటనే తినేయాలి, ఆరితే మళ్లీ రాయే.

సమస్య: సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్న మనిషికి ఇది తిన్నా కడుపునొప్పి

ప్యాకెట్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అనే ఉందా? రాగి బ్రెడ్, మల్టీగ్రెయిన్ బ్రెడ్‌లలో చాలావాటికి అసలు సరుకు గోధుమే. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. తర్వాత టోస్టర్. ఇంట్లో మిగతావాళ్ల మామూలు బ్రెడ్ రజను అందులోనే ఉంటుంది. వేరే టోస్టర్ కొనండి, చపాతీ పెనం మీద మాత్రం కాల్చకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మా అమ్మాయికి బన్ను తిన్న ప్రతిసారీ నొప్పే. మూడు బ్రాండ్లు మార్చాం. నాలుగోది కొనబోతూ గమనించాను: బన్నులో ప్రతిసారీ పూసేది టమాటా పచ్చడే. పచ్చడిలో ఏముంది, టమాటాలు, మిరపకాయలు, పోపు. పోపుల పెట్టె పక్కనున్న పసుపు రంగు ఇంగువ డబ్బా తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి! అదీ ఇంగువ కంటే ముందు. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కాబట్టి పిండి, బంక కలిపి అమ్ముతారు. ముద్ద ఇంగువ అయితే ఫర్వాలేదనుకోకండి, అందులోనూ కలిపేవాళ్లున్నారు. మా ఇంట్లో ఇంగువ పడేది పచ్చళ్లలోనే కాబట్టి నింద బన్ను మీద పడింది. మీ ఇంట్లో సాంబారు పొడి, అప్పడాలు, కొన్న ఊరగాయ కూడా చూడండి.

బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, లేబుల్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నదే తీసుకోండి. పాత డబ్బాలో ముంచిన చెంచా కొత్తదాంట్లో పెట్టొద్దు.

ఓట్స్ పడకపోవడం, బ్రెడ్‌లో కలిపిన పీచుతో గ్యాస్ రావడం లాంటివి కొద్దిమందికే. వాటితో మొదలుపెట్టకండి. నొప్పి ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు బ్రెడ్ కవర్‌తో పాటు ఇంగువ డబ్బా కూడా పట్టుకెళ్లండి.