స్లోలో బండి ఆగిపోతోందా? ముందు గాలి దారి చూడండి

ఇంజన్ గాలిని పీల్చుకుంటుంది అంటాం కానీ, గాలిని లోపలికి తోసేది బయటి వాతావరణమే. పిస్టన్ దిగగానే సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి అటు దూసుకుపోతుంది. బయటి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసం, కాస్త ఎత్తున ఉన్న మన వరంగల్‌లో దాదాపు 735. పెట్రోల్ ఇంజన్ స్లోలో ఉంటే, అంటే యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ ఊరికే తిరుగుతుంటే, థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) దాదాపు మూసుకుని ఉంటుంది. అప్పుడు మ్యానిఫోల్డ్‌లో (థ్రాటిల్ నుంచి సిలిండర్‌కు గాలి పోయే గొట్టంలో) ఒత్తిడి బయటికంటే 430 నుంచి 530 మిల్లీమీటర్లు తక్కువ. ఇదే వ్యాక్యూమ్. రేస్ పూర్తిగా ఇస్తే ఈ తేడా దాదాపు పోతుంది.

హన్మకొండ చౌరస్తా సిగ్నల్‌లో ఆగిపోతుంది, కాజీపేట రోడ్డెక్కితే బాగానే పోతుంది

స్లోలో రేస్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినా వెంటనే దిగదు, సైలెన్సర్ టపటపమంటుంది. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలిలో కలిపే భాగం) ఉన్న బండి అయితే ముందుగా కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరును అనుమానించండి. మన ఎండలకు, ఇంజన్ వేడికి అది గట్టిపడి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి లెక్కలో లేని గాలి దూరి, గాలితో పోలిస్తే పెట్రోల్ వాటా తగ్గిపోతుంది. వ్యాక్యూమ్ ఎక్కువగా ఉండేది స్లోలోనే కాబట్టి ఇబ్బంది కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంజన్ స్లోలో ఉండగా రబ్బరు మీద, దాన్ని బిగించే క్లాంపుల చుట్టూ సబ్బునీళ్లు కొద్దిగా చల్లండి. పంక్చర్‌లా బుడగలు రావు, ఎందుకంటే ఇక్కడ గాలి లోపలికి పోతుంది. ఇంజన్ శబ్దం మారితే లీకు అక్కడే. పెట్రోల్ చల్లి చూసేవాళ్లున్నారు, వేడి ఇంజన్ మీద మంటలు లేస్తాయి, దయచేసి వద్దు.

క్లాంపు వదులైతే బిగించండి. రబ్బరు పగిలితే దాన్నీ, గాలి దూరకుండా అతుకు దగ్గర ఉండే ఓ-రింగ్‌నూ రెండూ మార్చండి. చాలాచోట్ల స్క్రూ తిప్పి స్లో పెంచి పంపిస్తారు. లీకు అలాగే ఉంటుంది, ఇంజన్ మరీ వేడెక్కుతుంది.

పికప్ లేదు, నల్లపొగ, మైలేజ్ పడిపోయింది

గాలి రావలసిన దారి మూసుకుంది. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్ల ఫిల్టర్లకు దుమ్ముతోపాటు దూది పోగులూ పడతాయి. స్పాంజి ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టవచ్చు. పేపర్ ఫిల్టర్ మాత్రం కడగొద్దు, మార్చాల్సిందే. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో నల్లపొగ అంతగా కనిపించదు, పికప్ తగ్గడమే గుర్తు.

కొంతదూరం పోయాక ఆగుతుంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది

ట్యాంకు మూత తీయండి. "సుయ్"మంటూ గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్ట్ అయితే మూతలోని సన్నరంధ్రం మూసుకున్నట్టే. పెట్రోల్ తగ్గిన చోటికి గాలి రాక, లోపల వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ కిందికి దిగదు. రంధ్రం శుభ్రం చేయండి. మూత వదులుగా పెట్టి నడపడం పరిష్కారం కాదు.

కారు బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంది

ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. ఆఖరిసారి కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ గొట్టమో, అందులోని వాల్వో, వ్యాక్యూమ్ సాయంతో బ్రేక్‌కు బలం పెంచే బూస్టరో పాడైంది. డీజిల్ కారైతే వ్యాక్యూమ్ పంపునూ చూపించాలి. కారు నడుపుకుంటూ షెడ్డుకు పోవద్దు, మెకానిక్‌నే పిలిపించండి.