ఇంట్లో ఇంగ్లీషు, 7వ పాఠం: సిక్, ఇల్, ఆపైన మన జ్వరం

పోయిన పాఠంలో నేనొక తప్పు చేశాను, ముందు అది సరిచేయాలి. ఒంట్లో బాగాలేదనడానికి సిక్, ఇల్ రెండూ ఒకటే, ఏది వాడినా పర్లేదు అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆఫీసుకి సెలవు చీటీ రాసుకోవడానికైతే అది చాలు. కానీ గుంటూరు బ్రాడీపేటావిడ ఒకరు, కూతురి పురిటికని ఇంగ్లండు వెళ్లినావిడ, నా మాట నమ్మి పెద్ద మనవడి గురించి పక్కింట్లో 'హీ వాజ్ సిక్ ఆల్ నైట్' అన్నారట. పిల్లాడికి ఉన్నది వట్టి జ్వరం. పక్కింటావిడేమో గబగబా లోపలికెళ్లి ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చిచ్చి, ఎన్నిసార్లయ్యాయి, మంచినీళ్లయినా కడుపులో నిలుస్తున్నాయా అని అడుగుతుంటే ఈవిడకి కాలూచెయ్యీ ఆడలేదు. ఆ కంగారుకి కారణం నేను చెప్పకుండా వదిలేసిన ముక్కే.

బ్రిటన్‌లో 'వాజ్ సిక్' అంటే వాంతి చేసుకున్నాడనే ఎక్కువగా అనుకుంటారు. 'ఐ ఫీల్ సిక్' అంటే కడుపులో తిప్పుతోంది. జ్వరమో నీరసమో అయితే అక్కడ ఇల్ అనండి. అమెరికాలో మాత్రం ఏ జబ్బుకైనా సిక్ అనేస్తారు, అక్కడ ఇల్ కాస్త పెద్ద జబ్బులకి పోతుంది. అంటే మీ పిల్లలు ఏ దేశంలో ఉన్నారో చూసుకుని మాట ఎంచుకోవాలి. సిక్నెస్‌లో కూడా ఈ వాంతి వాసన ఉంది చూడండి, బస్సులో తిప్పితే ట్రావెల్ సిక్నెస్, వేవిళ్లకి మార్నింగ్ సిక్నెస్. ఇంటి మీద బెంగ పెట్టుకుంటే హోమ్‌సిక్, దానికీ వాంతికీ సంబంధం లేదు. ఇంకొకటి, 'ఎ సిక్ చైల్డ్' అంటారు గానీ 'యాన్ ఇల్ చైల్డ్' అని మామూలుగా అనరు. ఇల్‌ని వాక్యం చివర పెట్టండి, 'ద చైల్డ్ ఈజ్ ఇల్'.

హెల్తీ, అన్‌హెల్తీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మీరు రాసి పంపిన సెలవు చీటీల్లో సగానికి పైగా 'ఫీవర్ కేమ్ టు మీ' అనో, 'ఫీవర్ ఈజ్ దేర్' అనో ఉంది. ఎందుకలా వస్తుందో పట్టుకుంటే తప్ప ఇది పోదు. తెలుగులో జబ్బే వాక్యాన్ని నడుపుతుంది, మనం 'నాకు' అని పక్కన నిలబడతాం. నాకు జ్వరం వచ్చింది. నాకు జలుబు చేసింది. నాకు దగ్గు పట్టుకుంది. వచ్చేది, చేసేది, పట్టుకునేది అంతా అదే. ఇంగ్లీషులో మనిషి ముందుకొచ్చి జబ్బుని తన దగ్గర ఉంచుకుంటాడు, ఒక గొడుగు ఉన్నట్టే జ్వరం ఉంటుంది: 'ఐ హ్యావ్ ఎ ఫీవర్'. 'ఐ హ్యావ్ ఎ కోల్డ్'. 'షీ హ్యాజ్ ఎ కాఫ్'. 'మై ఫాదర్ హ్యాజ్ ఎ హెడేక్'. 'నాకు' అనే మాట నోట్లోకి రాగానే దాన్ని 'ఐ'గా మార్చి ముందు పెట్టండి, వెంటనే 'హ్యావ్' అనండి, మిగతాది దానంతటదే కుదురుతుంది. నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకి ఇదొక్కటే చెబుతున్నాను. 'ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్' కూడా వద్దు, ఆ 'యామ్', 'ఇంగ్' రెండూ తీసేయండి.

ఆ చిన్న 'ఎ' మింగేయకండి. 'ఐ హ్యావ్ ఎ కోల్డ్' అంటే జలుబు, 'ఐ యామ్ కోల్డ్' అంటే చలేస్తోంది. సూర్యారావుపేట క్లినిక్‌లో డాక్టరు గారు ఎలాగూ అర్థం చేసుకుంటారు, విదేశంలో అయితే దుప్పటి తెచ్చిస్తారు. పేరు పెట్టిన పెద్ద జబ్బులకి మాత్రం 'ఎ' రాదు: 'ఐ హ్యావ్ డెంగీ', 'హీ హ్యాజ్ టైఫాయిడ్', మలేరియా, కామెర్లకి జాండిస్. ఫ్లూకి 'ద ఫ్లూ'. ఇందులో లెక్క వెతకొద్దు, నోటికి పట్టించుకోవడమే.

డిసీజ్ అంటే డాక్టరు పేరు పెట్టి చెప్పే రోగం. ఇల్‌నెస్ అంటే మనిషి పడుతున్న అనారోగ్యం. 'హార్ట్ డిసీజ్' అంటారు, 'ఆఫ్టర్ ఎ లాంగ్ ఇల్‌నెస్' అంటారు, ఈ రెండూ తారుమారు చేస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎయిల్‌మెంట్ అంటే చిన్నాచితకా బాధ. మనం షుగరుంది, బీపీ ఉంది అంటాం కదా, పై దేశాల్లో డయాబెటిస్, హై బ్లడ్ ప్రెషర్ అని పూర్తిగా చెప్పండి. మన 'నలతగా ఉంది'కి దగ్గరగా 'అండర్ ద వెదర్' ఉంది గానీ, నేనెప్పుడూ 'ఐ యామ్ నాట్ ఫీలింగ్ వెల్' అనే అంటాను, ఎక్కడైనా చెల్లుతుంది.

అభ్యాసం: ఈ వారమంతా ఇంట్లో ఎవరు ఒంట్లో బాగాలేదన్నా, ఆ మాట తెలుగులో అన్నది అన్నట్టే ఒక పుస్తకంలో రాసుకోండి. కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లు వెచ్చబడింది, కడుపుబ్బరంగా ఉంది, ఏదైనా సరే. ఇరవై కావాలి, పందొమ్మిదికి ఆపొద్దు. ప్రతిదాన్నీ మనిషితో మొదలుపెట్టి ఇంగ్లీషులో రాయండి, ఆపైన పైకి చదవండి. సలుపు, మంట, పోటు, తీపు లాంటి నొప్పులు తగిలితే వాటిని తెలుగులోనే ఉంచి పక్కన గీత పెట్టండి, అవి వచ్చే పాఠంలో చూద్దాం.