ఆర్డర్లు తగ్గాయా? కొత్త దేశం వెతికే ముందు ఇవి చూడండి

చెన్నై పెరియమెట్‌లో తోలు వ్యాపారం చేసే మనవాళ్లు ఆర్డర్లు పడిపోగానే అడిగేది ఒక్కటే: "ఇంకే దేశానికి పంపుదాం?" సమస్య సరుకులోనే ఉంటే దేశం మార్చినా ఫలితం ఉండదు. ముందు ఏది చెడిందో తేల్చుకోండి.

ఒక్క బయ్యర్ ఆగితే ఫ్యాక్టరీ ఆగిపోతోంది

ఇక్కడ సరుకు బాగానే ఉంది, అమ్మకాలే ఒకచోట పోగయ్యాయి. ఒక్కో బయ్యర్ వాటాను వర్గం చేసి కూడండి. వాటాలు 70, 20, 10 శాతమైతే 0.49, 0.04, 0.01 కలిపి 0.54. ముగ్గురూ సమానమైతే 0.33. ఈ అంకె 1కి దగ్గరయ్యేకొద్దీ ఒక్కరి మీదే ఎక్కువ ఆధారపడ్డారని అర్థం. దేశాల వారీగానూ ఇదే లెక్క వేయండి, చాలామంది వేయరు. ఐదుగురు బయ్యర్లూ అమెరికాలోనే ఉంటే, 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పటిలా, ఐదుగురి ఫోన్లూ ఒకేసారి వస్తాయి.

ఇప్పుడున్న సరుకునే ముందు ఇంకో మార్కెట్‌కు పంపండి. యూఏఈతో వాణిజ్య ఒప్పందం 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబర్ నుంచి అమల్లో ఉన్నాయి. మీ హెచ్‌ఎస్ కోడ్‌కు (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) సుంకం ఎంతో చూసుకోండి. సరుకు మన దేశానిదేనని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ లేకపోతే ఆ రాయితీ రాదు. కొత్త సరుకే కావాలంటే అదే తోలు, అదే కుట్టుతో వచ్చే పర్సులు, బెల్టులు చూడండి. తోలు వదిలి బియ్యంలోకి దిగితే మళ్లీ మొదటి నుంచి వ్యాపారం నేర్చుకోవాలి.

ఇక్కడ పాసైన తోలు యూరప్‌లో ఫెయిలవుతోంది

ల్యాబ్ రిపోర్టులో క్రోమియం 6 (చర్మానికి అలర్జీ తెచ్చే క్రోమియం రూపం) అని ఉందా? చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములు ఉన్నా అమ్మకూడదని యూరోపియన్ యూనియన్ 2015 మే 1 నుంచి నిబంధన పెట్టింది. తోలు పదును పెట్టే డ్రమ్ములో మనం వేసేది క్రోమియం 3. చేపనూనె లాంటి ఫ్యాట్‌లిక్కర్ (తోలును మెత్తబరిచే నూనె) వాడితే, న్యూట్రలైజేషన్‌లో (తోలులో ఆమ్లం తగ్గించే దశ) పీహెచ్ మరీ పెరిగితే, పైగా వేడి, పొడిగాలి తగిలితే అందులో కొంత క్రోమియం 6గా మారుతుంది. కంటైనర్‌లో, గోడౌన్‌లో జరిగేది ఇదే.

రీటానింగ్‌లో (తోలుకు రెండోసారి పదును పెట్టేటప్పుడు) చెట్ల నుంచి తీసే మిమోసా లేదా టారా టానిన్ కొంత కలపండి, ఫ్యాట్‌లిక్కర్ మార్చండి. ల్యాబ్‌కు శాంపిల్ ఇచ్చేటప్పుడు 80 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచాకే కొలవమని చెప్పండి, దీన్నే ఏజింగ్ టెస్ట్ అంటారు. ఆ ఖర్చుకు వెనకాడేవాళ్లే తర్వాత టెన్షన్ పడతారు. సలహాకు అడయార్‌లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉండనే ఉంది. 1989లో తోలుకు బూజు పట్టకుండా వాడే పీసీపీ రసాయనాన్ని జర్మనీ నిషేధించినప్పుడు కూడా తమిళనాడు టానరీలు రసాయనం మార్చుకునే గట్టెక్కాయి.

చెప్పుల జతలు పెరుగుతున్నాయి, డాలర్లు పెరగట్లేదు

షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువను (ఓడ కిరాయి, బీమా కలపని సరుకు ధర) జతల సంఖ్యతో భాగించి, మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టండి. అది తగ్గుతూ ఉంటే మీరు ధర తగ్గించే అమ్ముతున్నారని అర్థం. ఇలాంటప్పుడు కొత్త దేశాలకు వెళ్లినా అక్కడ అడిగేదీ డిస్కౌంటే. రకాలు తగ్గించి, ఫినిషింగ్ బాగా కుదిరిన ఒకటి రెండు మోడళ్ల మీద పడండి. కొత్త రేటు కోట్ చేసేటప్పుడు ఏజింగ్ టెస్ట్ రిపోర్ట్ కూడా జత చేయండి.