మన ఫోన్, మన భద్రత – 4వ పాఠం: లాగౌట్ నొక్కే ముందు

గత పాఠంలో వాట్సాప్‌లోని "లింక్డ్ డివైసెస్" (మీ వాట్సాప్ తెరిచి ఉన్న ఇతర పరికరాల జాబితా) ఎలా చూడాలో వివరించి, తెలియని పరికరం కనిపిస్తే లాగౌట్ చేయమని ఒక్క వాక్యంతో ముగించాను. అది తొందరపాటు సలహా. ఒక పాఠకురాలికి ఆ తెరపై "విండోస్, ఈ రోజు ఉదయం 6.12" అన్న వరుస కనిపించింది. ఆ వేళకు ఆమె వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. ఇంట్లో ఉన్నది భర్త ల్యాప్‌టాప్ ఒక్కటే. ఆమె వెంటనే లాగౌట్ నొక్కారు. సాయంత్రానికి "నా దగ్గర దాచాల్సింది ఏముంది?" అంటూ భర్త మొదలుపెట్టిన గొడవ ఫోన్ లాక్కోవడం దాకా వెళ్లింది. ఆమెను నేను క్షమాపణ కోరుతున్నాను. తన నిఘా బయటపడిందని తెలిసినప్పుడే వేధించే మనిషి మరింత ప్రమాదకరంగా మారవచ్చన్న మాటను మొదటి పాఠంలోనే చెప్పి ఉండవలసింది.

పిన్ ఎవరికీ చెప్పకూడదన్నది మీకు తెలిసినదే కాబట్టి దాని జోలికి వెళ్లను. అయితే "పాస్‌వర్డ్ మార్చేశాను, ఇక భయం లేదు" అని చాలామంది రాశారు. ఈ నమ్మకం నన్ను ఎంతో కలవరపెడుతోంది. ఫోన్ కొన్న రోజున మీ గూగుల్ ఖాతాను తెరిచింది ఎవరు? అందులో రికవరీ నంబరుగా, అంటే పాస్‌వర్డ్ పోతే ఖాతాను తిరిగి తెరవడానికి కోడ్ వచ్చే నంబరుగా, ఎవరి నంబరు ఇచ్చారు? అది భర్తదే అయితే, మీరు పాస్‌వర్డ్ మార్చిన సంగతి ఆయనకు హెచ్చరికగా చేరవచ్చు. ఆ నంబరుకు వచ్చే కోడ్‌తో ఆయన ఖాతాను మళ్లీ తన చేతిలోకి తీసుకోవచ్చు. ఆధారం కోసం మీరు తీసిన స్క్రీన్‌షాట్ కూడా గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ద్వారా, అదే ఖాతా తెరిచి ఉన్న మరో పరికరంలో కనిపించవచ్చు. అందుకే నేను స్క్రీన్‌షాట్ వద్దంటాను. నమ్మకమైన మనిషి ఫోన్‌తో మీ తెరను ఫొటో తీయించి, వారి దగ్గరే ఉంచండి.

దంపతులు లొకేషన్ పంచుకోవడమే వేధింపు కాదు. దాన్ని ఆపేస్తే ఏమవుతుందోనన్న భయం మీకు ఉందా లేదా అన్నదే నేను చూసే గుర్తు.

సాయం కోసం 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేయండి. మీ ఫోన్‌లోని కాల్ జాబితాను మరొకరు చూస్తున్నారనుకుంటే 181కి పక్కింటివారి ఫోన్ నుంచో, అమ్మగారి ఫోన్ నుంచో మాట్లాడండి. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసిన సఖి కేంద్రాల్లో న్యాయ సలహా, పోలీసు సాయం, తాత్కాలిక వసతి ఒకే చోట దొరుకుతాయి. కేసు పెట్టాలని ఇంకా నిశ్చయించుకోకపోయినా వెళ్లి మాట్లాడవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం మానసిక వేధింపును కూడా హింసగానే గుర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్, స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై పురుషుడు నిఘా పెట్టడాన్ని నేరంగా పరిగణిస్తుంది.

అభ్యాసం: ఏడు రోజులపాటు, మీరు చెప్పకుండానే ఆయనకు తెలిసిన ప్రతి విషయాన్ని కాగితం మీద రాయండి. తేదీ, సమయం, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టుగా ఉండాలి. ఆ సంగతి మీరు ఫోన్‌లో మాట్లాడారా, మెసేజ్ పెట్టారా, లేక ఆ చోటికి వెళ్లి వచ్చారా అన్నది పక్కనే రాయాలి. ఆ కాగితం ఇంట్లో ఉండకూడదు. ఏడు రోజులూ ఫోన్‌లో ఏ సెట్టింగునూ మార్చకండి. ఈ లోగా ప్రమాదం అనిపిస్తే మాత్రం అభ్యాసాన్ని వదిలేసి, ముందు అక్కడి నుంచి బయటపడండి.