కీబోర్డు, ప్యాడ్స్ నేరుగా రికార్డరులోకి – మూడో పాఠం: పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. స్పీకరు ముందు రికార్డరు పెడితే కీబోర్డుతోపాటు జనరేటరు మోత, టీ గ్లాసుల చప్పుడు, వెనక ఎవరో పిలిచిన పిలుపు అన్నీ పడతాయి. ఈసారి మైకు జోలికి పోకుండా కీబోర్డు వెనక నుంచి వైరు తెచ్చి నేరుగా రికార్డరులో పెడదాం. మన కోనసీమ పాటల పార్టీల్లో అచ్చమైన డ్రమ్ మెషీన్ తక్కువ, కొడితే డ్రమ్ శబ్దాలు పలికే రోలాండ్ ఎస్పీడీ తరహా ప్యాడ్సే ఎక్కువ. వైరు పెట్టే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

ముందు మట్టం సంగతి. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. లైన్ అవుట్ నుంచి, అంటే కీబోర్డు వెనక శబ్దం వైరులోకి వచ్చే కన్నం నుంచి, వచ్చేది ఇంటి పరికరాల ప్రమాణంలో సుమారు 0.316 వోల్టులు, స్టూడియో ప్రమాణంలో 1.23 వోల్టులు. తేడా వంద రెట్లకు అటూ ఇటూ. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలవని సరాసరి పొలం బోదెలోకి తిప్పితే ఏమవుద్ది? గట్టు తెగుద్ది. లైన్ అవుట్ తెచ్చి మైక్ ఇన్‌లో గుచ్చినా అంతే. గట్టు తెగాక చేలో తూము మూసి లాభం లేదు. చాలా చిన్న రికార్డర్లలో శబ్దం చితికేది లోపలి మొదటి ఆంప్లిఫయర్ దగ్గరే. ఆ తర్వాత రికార్డింగ్ లెవెల్ తగ్గిస్తే, చితికిన శబ్దమే కాస్త చిన్నగా పడుతుంది. మీటరు ఎరుపు చూపించదు, పాట మాత్రం బొంగురుపోతుంది.

అందుకని రికార్డరు మెనూలో ఇన్‌పుట్ 'మైక్' కాకుండా 'లైన్' అని ఉందో లేదో మొదట చూసుకోండి. చిన్న రికార్డర్లలో 3.5 మిల్లీమీటర్ల కన్నం ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, మెనూలో మార్చాల్సింది మనమే. ప్లగ్-ఇన్ పవర్, 48 వోల్టుల ఫాంటమ్ రెండూ ఆపేయండి. అవి రికార్డరు మైకులకు పంపే కరెంటు, కీబోర్డుకు అక్కర్లేదు. అసలు లైన్ ఇన్‌పుట్టే లేని రికార్డరైతే కీబోర్డు వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టడమే దారి. ఇది సర్దుబాటే. గరగర కొంచెం పెరుగుతుంది.

ఇక వైర్లు. కీబోర్డు, ప్యాడ్స్ వెనకుండేది 6.35 మిల్లీమీటర్ల పెద్ద జాక్. పిన్ను మీద నల్ల గీత ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో. కొనేటప్పుడు గీతలు లెక్కపెట్టండి, షాపాయన మాట నమ్మకండి.

ఈ గీతల దగ్గరే నేనో దెబ్బ తిన్నాను. రాజోలు దగ్గర ఒక ఊళ్లో సంక్రాంతి రాత్రి ప్రోగ్రాం. ప్యాడ్స్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి స్టీరియో వైరు తెచ్చి, రికార్డరు కాంబో జాక్ (మైకు పిన్ను, పెద్ద పిన్ను రెండూ పట్టే కన్నం) ఒక్కదాంట్లో పెట్టాను. పిన్ను టక్కుమని పట్టింది, మీటరు ఆడింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు. మర్నాడు విన్న ప్యాడ్స్ అబ్బాయి, "గురువుగారూ, కిక్ ఏదండీ?" అన్నాడు. కిక్ అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ. నిజంగానే లేదు. వెనకనుండే రెవెర్బ్, అంటే ప్రతిధ్వని, మాత్రం గుడి గంట తర్వాతి మోతలా మిగిలింది. ఆ జాక్ బ్యాలెన్స్‌డ్ మోనో. అది మొదటి తీగ మీద వచ్చినదాంట్లోంచి రెండో తీగ మీద వచ్చినదాన్ని తీసేస్తుంది. ఎడమ, కుడి రెండింట్లోనూ సమానంగా ఉండే కిక్, బేస్ అలా ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. రెండు వైపులా తేడాగా ఉండే రెవెర్బే బతికింది.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. హెడ్‌ఫోన్ అవుట్‌లో మోనో పిన్ను పెడితే కుడి ఛానల్ షార్ట్ అవుతుంది. లైన్ అవుట్ ఉండగా హెడ్‌ఫోన్ అవుట్ జోలికి అసలు ఎందుకు?

రెండు పరికరాలు, ఒక్క స్టీరియో ఇన్‌పుట్ ఉన్నప్పుడు నేను చేసేది ఇది. కీబోర్డు వెనక 'ఎల్/మోనో' అని రాసి ఉన్న జాక్‌లోంచి ఒక వైరు, ప్యాడ్స్ వెనక కూడా అదే పేరున్న జాక్‌లోంచి ఇంకొకటి. ఆ ఒక్కదాంట్లోనే పెడితే ఎడమ, కుడి లోపలే కలిసి వస్తాయి. రెండు మోనో పిన్నులు ఒక చివర, 3.5 స్టీరియో పిన్ను మరో చివర ఉన్న వై-వైరుతో కీబోర్డుని ఎడమకి, ప్యాడ్స్‌ని కుడికి పంపండి. వింటే వింతగా ఉంటుంది, ఒక చెవిలో రాగం, ఒక చెవిలో దరువు. కంగారు పడొద్దు. ఇంటికెళ్లాక కంప్యూటరులో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో స్టీరియోని రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, ఏది ఎంత కావాలో అప్పుడు కలుపుకోవచ్చు. స్టీరియో సొగసు పోతుంది, నిజమే. కానీ ప్యాడ్స్ మోతలో మునిగిపోయిన కీబోర్డుని తర్వాత ఎవరూ పైకి తీయలేరు.

లెవెల్ పెట్టేటప్పుడు మెల్లగా వాయించమనకండి. ప్యాడ్స్‌లో డప్పు శబ్దం (ప్యాచ్) పెట్టి దానిమీద చెయ్యి ఆడినంత గట్టిగా కొట్టమనండి. ఆ దెబ్బ మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. ప్రోగ్రాం వేడెక్కాక ఇంకాస్త గట్టిగా కొడతారు, ఆ ఖాళీ అందుకే. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే లెవెల్ కాస్త తక్కువైనా నష్టం లేదు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి గంటకు ఒక జీబీ పైచిలుకు పడుతుంది. ఆటో లెవెల్ మాత్రం ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి దెబ్బకీ పాటంతా కుంగి మళ్లీ లేస్తుంది.

హూమ్మని సన్నగా మోగితే అది ఎక్కువగా 50 హెర్ట్జ్ కరెంటు మోత. రెండు అడాప్టర్లు, రెండు ఎర్తులు, మధ్యలో మన వైరు కలిసి ఒక చుట్టు పూర్తవుతుంది. రికార్డరుని బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అక్కడితో పోతుంది. ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన పందిళ్లలో ఉంది, ఆ పని చేయకండి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి వాయించేవాళ్లు మనవాళ్లు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. గరగర వస్తే ముందు పిన్ను తుడిచి చూడండి.

ఈ వారం అభ్యాసం: మీ కీబోర్డుని మైక్ ఇన్‌పుట్‌లో ఒక నిమిషం, లైన్‌లో ఒక నిమిషం, మీటరు రెండుసార్లూ ఒకే చోట ఉండేలా రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్‌లో వరసగా వినండి. వచ్చే పాఠానికి ఒక చిన్న మిక్సర్ కావాలి, నాలుగు ఛానళ్లది చాలు. గాయకుణ్ని కూడా కలుపుదాం.